రెండో గోలీ ఎవరు?

భారత హాకీ జట్టు ఓడిన రాత్రి మా తళవాయిపురంలో మొదట బోనెక్కేది గోలీయే. నైటీల కుట్టు యూనిట్లు మూశాక కుర్రాళ్లు టీకొట్టు దగ్గర చేరతారు. ఫోన్లో గోల్స్ వెనక్కి తిప్పి తిప్పి చూస్తారు. "ఆ బంతిని ఎవడైనా వదిలేస్తాడా అన్నా? వాణ్ని తీసేయాల్సిందే" అంటాడు ఒకడు. "తీసేసి ఎవర్ని నిలబెడతావు తమ్ముడూ?" అని పెద్దవాళ్లలో ఒకరు అడుగుతారు. తమిళంలో మొదలైన వాదన ఇక్కడికొచ్చేసరికి వేడెక్కి ఇంటి తెలుగులోకి దిగుతుంది. తీసేయాలా వద్దా అన్నదానికి అందరి దగ్గరా జవాబు ఉంటుంది. పెద్దాయన ప్రశ్నకు మాత్రం తడుముకుంటారు. ఈ వారం ఆ ప్రశ్న గురించే రాస్తున్నాను.

రాజపాళయం పక్కనున్న ఊళ్లో హాకీ గొడవ ఏమిటని తెలుగునాట చదివేవాళ్లకు అనిపించవచ్చు. శంకరన్‌కోవిల్ దాటి వెళ్తే కోవిల్‌పట్టి వస్తుంది. అగ్గిపెట్టెలకూ వేరుశనగ మిఠాయికీ ఎంత పేరుందో హాకీకీ ఆ ఊరికి అంతే పేరుంది. వేసవిలో అక్కడ జరిగే లక్ష్మీ అమ్మాళ్ స్మారక అఖిల భారత టోర్నీకి మా వైపు నుంచి బస్సెక్కి వెళ్తారు. 2022లో సీనియర్లను పక్కనపెట్టి కొత్త కుర్రాళ్లను జకార్తా ఆసియా కప్‌కు పంపినప్పుడు, కోవిల్‌పట్టిలో తయారైన మారీశ్వరన్ శక్తివేల్, కార్తి సెల్వం ఇద్దరూ ఆ జట్టులో ఉన్నారు. ఆ జట్టు కాంస్యంతో తిరిగొచ్చింది. 2025 నవంబరు, డిసెంబరుల్లో జూనియర్ ప్రపంచకప్ చెన్నైతో పాటు మదురైకీ వచ్చింది. కాబట్టి హాకీ మాకు టీవీలో మాత్రమే చూసే ఆట కాదు.

భారత గోలీ శ్రీజేష్ వెళ్లిపోయినప్పటి నుంచి ఈ వాదన పెరిగింది. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో గ్రేట్ బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్ జరిగింది. 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడింది. మిగతా ఆటంతా పదిమందితోనే ఆడి, 1-1తో నిలబడి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. ఆ గెలుపు చాలావరకు శ్రీజేష్ చేతుల మీద నడిచింది. కాంస్యం తెచ్చి అతను ఆట మానేశాడు. హాకీ ఇండియా సీనియర్ జట్టులో అతని 16వ నంబరు జెర్సీని మరెవరికీ ఇవ్వకూడదని నిర్ణయించింది. జెర్సీని పక్కన పెట్టొచ్చు గాని గోల్‌పోస్టుల మధ్య చోటును ఖాళీగా ఉంచలేరు కదా! అక్కడికి కృషన్ పాఠక్ వచ్చాడు, అతనికి జోడీగా సూరజ్ కర్కేరా. 2025 జూన్‌లో ప్రో లీగ్ యూరప్ మ్యాచ్‌ల్లో వరసగా ఏడు ఓడిపోయారు. ఆ నెలంతా మా దగ్గర గోలీని మార్చాలన్న మాట తప్ప వేరే మాట వినపడలేదు. సెప్టెంబరులో అదే జోడీతో రాజ్‌గిర్‌లో కొరియాను 4-1తో ఓడించి ఆసియా కప్ గెలిచారు. గోలీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఓడితే గోలీ చెడ్డవాడు, గెలిస్తే గోలీ గుర్తుండడు. జట్టును కొత్తగా కట్టుకునే రోజుల్లో ఇలా లెక్కగడితే నష్టమే. ఎందుకో చెప్పాలంటే ఆ పని స్వభావం చెప్పాలి.

మా ఊళ్లో కుట్టుపని నేర్చుకునే పిల్లకు మొదట అంచులు మడిచి కుట్టడం ఇస్తారు. తప్పుపోతే విప్పి మళ్లీ కుట్టొచ్చు. మెడ కత్తిరించడం మాత్రం చేయి తిరిగాకే, ఎందుకంటే అక్కడ కత్తెర జారితే గుడ్డ పాడైపోతుంది. హాకీలో ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు గనుక, కొత్త ఫార్వర్డ్‌కు కోచ్ అంచుల పని ఇవ్వగలడు. మూడు నిమిషాలు పరుగెత్తించి వెనక్కి పిలుస్తాడు, వాడు చేసిన తప్పును మిగతా పదిమంది సర్దుతారు. గోలీకి ఇవ్వడానికి అలాంటి అంచుల పని లేదు. 3.66 మీటర్ల వెడల్పు, 2.14 మీటర్ల ఎత్తున్న ఆ చట్రం ముందు నిలబడ్డ మొదటి నిమిషం నుంచే మెడ కత్తిరించాలి. అతను తప్పు చేస్తే అది వెంటనే స్కోరుబోర్డు మీదికి ఎక్కుతుంది.

అందుకే గోలీలు ఆలస్యంగా పండుతారు. శ్రీజేష్‌నే తీసుకోండి. పడమటి కనుమల అవతల, ఎర్నాకుళం జిల్లా కిళక్కంబలం నుంచి వచ్చిన అతను సీనియర్ జట్టులో మొదట ఆడింది 2006లో. ఆ తర్వాత ఏళ్ల తరబడి లోపలికీ బయటికీ తిరిగాడు. భారత్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు అర్హత పొందలేదు. 2012 లండన్‌లో అన్ని మ్యాచ్‌లూ ఓడి పన్నెండో స్థానంలో, అంటే అందరికంటే చివర నిలిచింది. ఆ జట్టులో కెప్టెన్ భరత్ ఛెత్రీ, శ్రీజేష్ ఇద్దరూ గోలీలే. ఆ రోజుల కోపంలో ఇద్దర్నీ కలిపి పంపించేసి ఉంటే? 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల ఫైనల్లో పాకిస్తాన్‌పై షూటౌట్ విజయం గాని, 2021లో టోక్యోలో చివరి క్షణాల్లో జర్మనీ పెనాల్టీ కార్నర్‌ను ఆపడం గాని మనం చూసేవాళ్లం కాదు. లండన్ పరాజయంలో కూడా అతన్ని చేజారనివ్వలేదు. ఆ తర్వాత పన్నెండేళ్లూ మనం తిన్నది ఆ ఓర్పు ఫలమే.

పాఠక్ కథలోనూ ఇదే ఉంది. 2016లో లక్నోలో మన జూనియర్లు ప్రపంచకప్ గెలిచినప్పుడు పేరు మోగింది వికాస్ దహియాది. సెమీఫైనల్లో ఆస్ట్రేలియాను షూటౌట్‌లో ఆపింది అతనే. అదే జట్టులో రెండో గోలీ పాఠక్. సీనియర్ జట్టులో శ్రీజేష్ తర్వాతి చోటు చివరికి ఆ రెండో కుర్రాడికి దక్కింది. 2018లో సీనియర్లలోకి వచ్చిన పాఠక్ టోక్యోకూ పారిస్‌కూ ఆడే పదహారుమందిలో లేకుండా, అదనపు ఆటగాడిగా వెళ్లాడు. అతన్ని సిద్ధం చేసింది ఒలింపిక్స్ కాదు. ప్రో లీగ్ లాంటి పోటీల్లో శ్రీజేష్‌తో క్వార్టర్లు పంచుకుంటూ ఆడిన ఆట అతన్ని తయారు చేసింది.

రెండో గోలీ అనగానే తెలుగువాళ్లకు గుర్తు రావలసిన పేరు ఎతిమరపు రజని. ఉమ్మడి చిత్తూరు జిల్లా యనమలవారిపల్లి అమ్మాయి. మహిళల జట్టులో చాలా ఏళ్లు సవిత పూనియా వెనక నిలబడింది. 2016 రియోకు, ఆ తర్వాత టోక్యోకు రిజర్వ్ గోలీగానే వెళ్లింది. 2021 ఆగస్టు 2న టోక్యోలో ఆస్ట్రేలియాను 1-0తో ఆపిన సవితను దేశమంతా పొగిడింది. పొగడాల్సిందే. అయితే ఆ సవితకు రోజూ సాధనలో పోటీగా నిలబడి, ఎప్పుడు పిలిచినా దిగడానికి సిద్ధంగా ఉన్న మనిషి పేరు ఎంతమందికి తెలుసు? ఆడతామో లేదో తెలియకుండా, రేపే ఆడబోతున్నట్టు ఒళ్లు వంచడం అందరి వల్లా కాదు. 2024 జనవరిలో మస్కట్‌లో తొలి మహిళల హాకీ ఫైవ్స్ ప్రపంచకప్ జరిగినప్పుడు భారత జట్టుకు రజనే కెప్టెన్. రజతంతో తిరిగొచ్చారు. మన ఊళ్ల హాకీ పిల్లలకు ఆమె కథ చెప్పాలి. కథ అంతా చెప్పాలి, వేచి ఉన్న ఏళ్లతో సహా.

అభిమానిగా నేను అలవరచుకున్న పద్ధతి ఒకటుంది. గోల్ పడిన క్షణాన్ని కాక, దానికి ముందు పది సెకన్లను చూస్తాను. మదురైలో మన జూనియర్లు స్విట్జర్లాండ్‌ను 5-0తో ఓడించిన రోజు అందరి చూపూ అవతలి గోల్ మీదే ఉంది. నేను ఇవతలి గోలీని చూస్తూ కూర్చున్నాను. బంతి దగ్గర లేనప్పుడు కూడా అతను అరుస్తూనే ఉన్నాడు. ఎవరు ఎవర్ని పట్టుకోవాలో చెబుతున్నాడు, బంతి కదిలినప్పుడల్లా రెండడుగులు జరుగుతున్నాడు. ఆపిన బంతి కాలి ప్యాడ్ తగిలి ఎటు పోయింది? సర్కిల్ బయటికా, మళ్లీ ఎదుటివాడి కర్ర మీదికా? పెనాల్టీ కార్నర్‌లో మొదట పరుగెత్తే డిఫెండర్ ఏ కోణం మూశాడు, గోలీకి ఏ కోణం వదిలాడు? అసలు ఆ కార్నర్ ఎవరి తప్పుతో వచ్చింది? ఇవి అడిగాక మన కోపంలో సగం గోలీ మీది నుంచి జారి మిడ్‌ఫీల్డ్ మీదికి పోతుంది. ఆ పని ఎంత ప్రమాదమో కూడా తెలిసి మాట్లాడాలి. 2009లో పుణె శిబిరంలో గోల్ఫ్ బంతులతో సాధన చేస్తూ బల్జీత్ సింగ్ అనే గోలీ కుడికంటి చూపు పోగొట్టుకున్నాడు.

"దేశం ఆడే మ్యాచ్ శిక్షణ బడి కాదు కదా" అని మా కుర్రాళ్లు ఎదురు అడుగుతారు. న్యాయమైన మాట. ప్రపంచకప్ నాకౌట్‌లో కొత్త గోలీని పరీక్షకు పెట్టమని నేనూ అనను. కాని ఆ రోజు కావలసినవాణ్ని అంతకు రెండేళ్ల ముందే మ్యాచ్‌ల్లో పెట్టి, ఓడనిచ్చి, మళ్లీ నిలబెట్టాలి. 2025 నవంబరులో ఇపోలో అజ్లాన్ షా కప్‌కు పాఠక్, కర్కేరా ఇద్దర్నీ ఆపి పవన్, మోహిత్‌లను పంపారు. జట్టు ఫైనల్ దాకా వెళ్లి బెల్జియం చేతిలో 0-1తో ఓడింది. నా దృష్టిలో ఆ ఎంపిక కప్పు కంటే విలువైనది. జూనియర్లలో కూడా అంతే. ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో బెల్జియంపై షూటౌట్ గెలిపించిన ప్రిన్స్‌దీప్ సింగ్, సెమీస్‌లో జర్మనీ చేతిలో ఐదు గోల్స్ తిన్న జట్టులో కూడా ఉన్నాడు. అప్పుడు ఆ జట్టు కోచ్‌గా ఉన్న శ్రీజేష్ ఆ రెండు రోజులనూ ఒకే పాఠంలో చెప్పగలడు, ఎందుకంటే రెండు రకాల రోజులూ అతను చూశాడు.

క్వార్టర్ల లెక్కన గోలీలను మార్చే పద్ధతి మీద మాత్రం నాకు అభ్యంతరం ఉంది. పదిహేను నిమిషాలు ఆడి బయటికొస్తే, తన తప్పు తర్వాత తానే నిలబడి సర్దుకునే అవకాశం గోలీకి రాదు. మొదటి క్వార్టర్లో తేలిక గోల్ ఇచ్చినవాడు నాలుగో క్వార్టర్లో ఎలా ఉంటాడన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు కావాలంటే పూర్తి మ్యాచ్ ఇవ్వాలి.

2026 ఆగస్టులో బెల్జియం, నెదర్లాండ్స్‌లో ప్రపంచకప్. వెంటనే సెప్టెంబరులో జపాన్‌లో ఆసియా క్రీడలు, అక్కడ గెలిస్తే నేరుగా లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్. ఒకదాని మీద ఒకటి పడే ఈ రెండు పోటీలకూ ఒక్క గోలీని నమ్ముకుని వెళ్లడం జూదం. కాబట్టి జట్టు పేర్లు వచ్చిన రోజు మా వాదనలో కూర్చునేవాళ్లకు నా కోరిక ఇది: కెప్టెన్ ఎవరని చూసే ముందు రెండో గోలీ ఎవరని చూడండి, గత ఏడాదిలో అతనికి ఎన్ని పూర్తి మ్యాచ్‌లు ఇచ్చారో లెక్క అడగండి. కోవిల్‌పట్టి టోర్నీకి జట్లు పంపే బడులనూ క్లబ్బులనూ అడిగేదీ ఇదే. గెలిచే మ్యాచ్ చివరి ఐదు నిమిషాలు రెండో గోలీకి విదిలించకండి. గట్టి జట్టు ఎదురైన ఒక రోజు మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా అతన్నే ఉంచండి. నాలుగు గోల్స్ పడితే పడనివ్వండి, మరుసటి మ్యాచ్‌కూ అతని పేరే రాయండి.