గజ్జల్లో నాడి

ఉదయగిరి మెట్టలో బోరునీళ్లు తాగి పెరిగినవాడికి కాళ్లు నొప్పంటే ఇంక ఆలోచించేదేముంది? ఫ్లోరిన్. మా పెదనాయన నొప్పినీ మేం ఆ నీళ్ల ఖాతాలోనే వేశాం. పైగా ఆయనది కూర్చుని చేసే పని. నార్ది కొయ్యతో గరిటెలు, చెంచాలు చెక్కుతాడు. కూర్చున్నంతసేపూ ఏ బాధా లేదు. ఆత్మకూరులో బస్సు దిగి మా ఇంటికి నడిస్తేనే పిరుదులు, పిక్కలు పట్టేసేవి. రెండు నిమిషాలు నిలబడితే పోయేది, మళ్లీ అంతే దూరానికి వచ్చేది.

కీళ్ల నొప్పి అలా కొలిచినట్టు రాదు. నడకకు సరిపడా నెత్తురు అందని కండకే వస్తుంది. ఏడాదిపాటు మాత్రలు రాసినవాళ్లెవరూ గజ్జల్లో వేలు పెట్టి చూడలేదు. నెల్లూరులో ఒక డాక్టరు చూశాడు. రెండు వైపులా నాడి లేదు.

పొట్ట వెనక, వెన్నుకు ముందు, మానిన గాయం మచ్చలాంటి గట్టి పీచు పెరిగి పెద్ద ధమనిని గచ్చు పోసినట్టు కమ్మేసిందని స్కానులో తేలింది. అమెరికాలో డాక్టరు ఆర్మండ్ 1948లో వివరించిన జబ్బు ఇది. మామూలుగా మూత్రనాళాలను నొక్కుతుంది. ధమని పూర్తిగా మూసుకుపోవడం అరుదు. స్టెరాయిడ్లు వాడినా దారి తెరుచుకోలేదు.

ఇలాంటప్పుడు పంట్లాం కాళ్లలా చీలిన డాక్రాన్ గుడ్డ గొట్టాన్ని పొట్టలో కుడతారు. 1950లలో హ్యూస్టన్ సర్జన్ డిబేకీ బట్టల దుకాణంలో గుడ్డ కొని, ఇంట్లో కుట్టుమిషన్ మీద అలాంటి గొట్టాలు తయారుచేశాడు. కానీ పెదనాయన పొట్టలో సూది దిగే మెత్తని చోటేదీ? సర్జన్ ఆ జోలికే పోలేదు. కుడి భుజం దగ్గర ధమని నుంచి చర్మం కిందుగా, పక్కటెముకల మీదుగా గజ్జల దాకా గొట్టం దింపి, అక్కణ్ణుంచి ఎడమ కాలికి మరో పాయ తీశాడు. భుజం నుంచి గజ్జకు దింపే ఈ దారి 1962లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సర్జన్ బ్లెయిస్‌డెల్ వేసింది. పొడవాటి గొట్టం, అందులో నెత్తురు త్వరగా గడ్డకడుతుందని దీనిమీద సర్జన్లకు కొంత చిన్నచూపు ఉంది. నాకు మాత్రం ఆ పొట్ట తెరవకూడదని ముందే తేల్చుకోవడంలోనే పనితనమంతా కనిపించింది.

గొట్టం నొక్కుకుపోకుండా కుడిపక్కకు పడుకోవద్దన్నారు, సరేనన్నాడు. మొలతాడు తీసెయ్యమంటే మాత్రం ఒప్పుకోలేదు. వదులు చేసి కట్టుకున్నాడు. ఇప్పుడు ఇంటికొచ్చిన పిల్లల చెయ్యి పట్టుకుని పక్కటెముకల మీద ఆనించుకుంటాడు. "చూడబ్బయ్యా, కొట్టుకుంటా ఉందా?"