బండి నీదేనా?

ఈ వారం నిర్మల్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో విన్న మాటకు ఒళ్లు మండింది. నాగపూర్ లోడు అడగడానికి వచ్చిన డ్రైవరును గుమాస్తా ముందు అడిగింది ఒక్కటే. ‘‘బండి నీదేనా?’’ అవునన్నాడు. ‘‘అట్లైతే లేదన్నా. సొంత బండోళ్లకు ఇయ్యద్దన్నడు సేటు.’’

బండి ఎవరిదో స్టీరింగు వాళ్ల చేతిలోనే ఉండాలని ఎన్నేళ్లుగా రాస్తున్నానో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. సొంత బండివాడు లోడు కట్టే తీరు చూడండి. టార్పాలిన్ అంచు రెండు మడతలు పెట్టి, కొక్కెం కొక్కానికీ తాడు తిప్పి, డాలాకు కాలు తన్నిపెట్టి ఒళ్లంతా వెనక్కి వాల్చి గుంజుతాడు. అరచేత్తో తాడు మీద కొడతాడు. అది వీణ తీగలా మోగితే గానీ వదలడు. తర్వాత రాడ్డుతో టైర్లన్నీ తట్టి, చప్పుడును బట్టి గాలి కనిపెడతాడు. ఇంతటివాణ్ని కాదంటారా?

సేటుకూ కారణాలున్నాయి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద సరుకుకు పూచీ బిల్టీ (సరుకు రసీదు) రాసిచ్చిన ఆయనదే. ఈ-వే బిల్లు గడువేమో 200 కిలోమీటర్లకు ఒక రోజు. నేరడిగొండ దగ్గర బండి ఆగిపోతే, పది బండ్లున్నవాడు ఇంకోటి పంపి సరుకు మార్పిస్తాడు. ఒంటి బండివాడు మెకానిక్ కోసం ఎదురుచూడాలి. అయినా మంచి పనివాడి కోసం ఆ మాత్రం ఓర్చుకోవచ్చనే నేనంటాను.

నిద్ర సంగతే వేరు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం 2025లో రద్దయ్యేదాకా రోజుకు ఎనిమిది గంటలే పని అనేది. అదీ కనీసం ఐదుగురు పనివాళ్లున్న సంస్థలకు. అమలు అంతంతమాత్రమే అయినా, జీతం డ్రైవరుకు ‘‘నిద్రొస్తుంది సేటూ’’ అని ఫోన్ చేయడానికి ఒక మనిషున్నాడు. సొంత బండివాడి నెత్తిన ఫైనాన్స్ కిస్తీ ఉంది. నాగపూర్‌లో దించి, తిరుగు లోడు దొరికితే ఆ రాత్రే 44వ నంబరు హైవే ఎక్కుతాడు. టైర్లను అంత కనిపెట్టుకునేవాడు తన కళ్లను పట్టించుకోడు. ఆగమని చెప్పే మనిషి లేడు.

కాబట్టి ఆ నాగపూర్ లోడు ఇవ్వకపోవడమే మంచిదైంది. ఇద్దరు డ్రైవర్లు లేని బండికి రాత్రి లోడు ఇవ్వకూడదు, బండి ఎవరిదైనా సరే. కానీ సరుకు ముట్టిందన్న రసీదు తెచ్చిచ్చాక కూడా బ్యాలెన్సు కిరాయి వారాల తరబడి ఆపి, కిస్తీ భయంతో సొంత బండివాళ్లను రాత్రిళ్లు తోలేలా చేసేదీ ఇలాంటి ఆఫీసులే. నిజామాబాద్, కామారెడ్డి లాంటి పగలే ముగిసే లోడ్లు వాళ్లకివ్వండి. దించిన రోజే డబ్బు చేతిలో పెట్టండి.