పాత బొమ్మ మీద కొత్త తోలు

గుంతకల్లు జంక్షన్‌లో బెంగళూరు రైలెక్కితే అనంతపురం దాటాక ధర్మవరం వస్తుంది. పట్టుచీరల ఊరిగా దాని పేరు అందరికీ తెలుసు. ఆ మండలంలోనే ఉన్న నిమ్మలకుంటలో తోలుబొమ్మల పని ఇంకా ఇళ్లల్లో సాగుతోంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని ఈ సీమలో, చేలో వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా మేక ఏదో ఒకటి మేసి బతుకుతుంది. బొమ్మ పని ఆ మేక తోలుతోనే మొదలవుతుంది. వెనకటి రోజుల్లో దేవతల బొమ్మలకు ఇర్రి తోలు, యుద్ధాల్లో దెబ్బలకు ఓర్చుకోవలసిన భీముడికీ రావణుడికీ దుప్పి తోలు వాడేవారట. ఇప్పుడు అందరికీ మేకతోలే.

తోలును నానబెట్టి వెంట్రుకలు ఊడదీస్తారు. లోపలివైపు అంటుకున్న కొవ్వునీ మాంసపు పొరనీ కత్తితో గీకి, నలువైపులా బిగలాగి ఎండబెడతారు. బాగా ఎండిన తోలు వెనక అరచెయ్యి పెడితే వేళ్లు లెక్కపెట్టుకోవచ్చు. దీపం ముందు బొమ్మ వెలగడానికి కావలసింది ఈ గుణమే. గీత గీయడానికీ ఇదే ఆసరా అవుతుంది. ఇంట్లో ఉన్న పాత బొమ్మనో, దాని నుంచి కాగితం మీదికి ఎత్తుకున్న నమూనానో అడుగున పరిచి, పైన కొత్త తోలు వేస్తారు. కింది గీత పైకి కనిపిస్తూ ఉంటే దాని వెంటే కలం నడుస్తుంది. తాత గీసిన సీత గడ్డం వంపు అలా మనవరాలు చేసే సీతకు వస్తుంది.

ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ ఘట్టమే. తెలుగు కావ్యాల అవతారికల్లో పూర్వకవి స్తుతి ఉంటుంది. కవి తన కథ ఎత్తుకునే ముందు, తనకన్నా ముందు రాసినవాళ్లకు దండం పెట్టుకుంటాడు. బొమ్మ చేసే మనిషి ఆ దండం గీతతోనే పెడుతుంది. అలాగని ఇది నకలు కాదు. ముక్కు, కన్ను, నిలబడే తీరు పెద్దలవి. చీర అంచు, నగల పొందిక, రంగుల జోడింపు చేసేవాళ్ల సొంతం. ఏది మార్చాలో, ఏది ముట్టుకోకూడదో ఎరిగి ఉండటమే అసలు విద్య.

తర్వాత ఉలి పని. గుండ్రటి మూతి, అర్ధచంద్రపు మూతి, సన్నటి కోణపు మూతి ఉన్న ఉలులతో, తోలును చెక్క దిమ్మ మీద పరిచి ఒక్కొక్క దెబ్బ వేస్తూ పోతారు. ఒక్క ముత్యాల హారాన్ని దగ్గరగా చూడండి. అందులో ముత్యమంటూ ఏదీ లేదు, ఉన్నవన్నీ చిల్లులే. చిల్లులు మరీ దగ్గరైతే మధ్యలోని తోలు తెగుతుంది, దూరమైతే హారం వరస చెదురుతుంది. ఉలి దెబ్బకు ఊడి నేలరాలిన ముక్కల వల్లే తెర మీద నగ మెరుస్తుంది. రంగు కూడా రెండు వైపులా వేస్తారు. వెలుగు తోలు గుండా వెళ్లి తెర మీద పడేటప్పటికి ఎరుపు ఎరుపుగానే నిలవాలి.

ఇక అతుకులు. భుజం, మోచెయ్యి, మోకాలు విడివిడిగా కోసి, ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా పేర్చి, చిల్లు గుండా దారం పోసి ముడి వేస్తారు. ముడి బిగిస్తే చెయ్యి కదలదు, వదులైతే వేలాడిపోతుంది. రావణుడికి కనీసం నాలుగు తోళ్లు పడతాయి. ఒంటికి ఒకటి, కాళ్లకు ఒకటి, అయిదేసి చేతుల జట్టుకు ఒక్కొక్కటి. చీల్చిన బద్ద ఒకటి బొమ్మను నిలువునా వెన్నెముకలా పట్టి ఉంచుతుంది. చేతులాడించడానికి వేరే పుల్లలుంటాయి.

లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద పదహారో శతాబ్దపు బొమ్మల్లో కూడా తోలుబొమ్మలకుండే పక్కచూపు ముఖాలు, కోసు ముక్కులు, విప్పారిన కళ్లు, చీరల మీద నిండుగా గీసిన డిజైన్లు కనిపిస్తాయి. గోడకూ తోలుకూ ఒకే గీత. ఆట కట్టినప్పుడు పాడే కథకు ఆధారం గోన బుద్ధారెడ్డి పేరున నిలిచిన రంగనాథ రామాయణం. అది ద్విపద. పాటగా ఎత్తుకోవడానికి ద్విపదను మించినది లేదు. ఈ బొమ్మలాట కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ యాస, తెర వెనక మాత్రం తెలుగే. ఆడవాళ్ల పాత్రలకు ఇంటి ఆడవాళ్లే గొంతిస్తారు. కాళ్ల కింద చెక్కలు దడదడలాడుతుంటే యుద్ధం నడుస్తుంది. వినాయకుణ్ణీ సరస్వతినీ తలచుకోనిదే ఆట మొదలు కాదు. కథ మధ్యలో హాస్యపాత్రలు కేతిగాడు, బంగారక్క వచ్చి ఊళ్లోవాళ్ల మాటలు ఊళ్లోవాళ్లకే వినిపిస్తారు.

2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. రెండూ రావలసినవే. అయినా భౌగోళిక గుర్తింపు నాకు ఈ పని స్వభావానికి మరింత దగ్గరగా అనిపిస్తుంది. ఆ పట్టీ మీద ఒక మనిషి పేరుండదు, ఒక సీమ మొత్తం పనితనం ఉంటుంది. ఆటలు తగ్గాక ఇక్కడివాళ్లు తోలు లాంపుషేడ్లు, గోడ బొమ్మలు చేసి అమ్ముతున్నారు. చెట్టు, నెమలి, ఏనుగు, కొనేవాళ్లు ఏది అడిగితే అది గీస్తారు. వాటి అంచుల వెంట మాత్రం సీత హారానికి వాడిన గుండ్రటి ఉలి, అర్ధచంద్రపు ఉలే నడుస్తాయి.