కొండలైటా? ఖోండలైటా?

తూర్పు కనుమలలో విస్తారంగా కనిపించే ఒక రూపాంతర శిల పేరును మనం తెలుగులో మూడు విధాలుగా వ్రాస్తున్నాము: కొండలైటు, ఖొండలైటు, ఖోండలైటు. అక్షరభేదమే కదా అని ఊరుకోవచ్చును. కాని మొదటి రూపం వ్రాసిన విద్యార్థిని అర్థమడిగి చూడండి. “కొండలలో దొరికే రాయి” అని తడుముకోకుండా చెబుతాడు. కొందరు ఉపాధ్యాయులు సైతం అట్లే బోధిస్తున్నారు. ఇక్కడ ఒక్క హల్లు మారడంతో శిల నిర్వచనమే మారిపోయింది.

ఈ పేరు పెట్టినవాడు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖలో పనిచేసిన టి. ఎల్. వాకర్. కలహండి సంస్థానపు శిలలను పరిశీలించి, 1902లో ప్రకటించిన గ్రంథంలో అక్కడి కొండజాతివారైన ఖోండుల పేరు మీదుగా ఈ శిలకు నామకరణం చేశాడు. విశాఖ మన్యంలో వారిని కోదులు అంటారు. వారు మాట్లాడే కూయి, కూవి భాషలు ద్రావిడ కుటుంబానివే. తెలుగుకు దగ్గరి చుట్టాలు. కాబట్టి ఈ మాట ఒక జాతిని తలచుకొని పెట్టినది గాని, రాయి దొరికే చోటును చెప్పడానికి పెట్టినది కాదు.

మరి రాయి ఎట్టిది? పూర్వం నీటి అడుగున పేరిన బంకమన్ను వంటి అవక్షేపాలు భూమి లోతులకు దిగి, అక్కడి అత్యధిక ఉష్ణానికి, పీడనానికి లోనై మారగా ఏర్పడినది. క్వార్ట్జు, ఫెల్డ్‌స్పారు, ఎర్రని గార్నెట్టు, సన్నని సూదులవంటి సిల్లిమనైటు, తరచుగా నల్లని గ్రాఫైటు రేకులు ఇందులో ఉంటాయి. దీనిని గుర్తించవలసినది ఈ ఖనిజాలను బట్టి. రాయి నిలిచిన ఎత్తును బట్టి కాదు. కృష్ణా గోదావరి డెల్టాల ఒండ్రుకు, దాని కింది అవక్షేపాలకు అడుగున ఉన్న ఆధార శిలలలోనూ ఖోండలైటు ఉన్నది. ఆ బల్లపరుపు నేలలో కొండ ఎక్కడిది?

మా మైలవరం ప్రాంతంలో ఈ తికమక మరింత ముదిరింది. దగ్గరలోనే కొండపల్లి. ఊరి పేరులోనే కొండ ఉన్నది గదా! అక్కడి నల్లరాయిని తెచ్చి “కొండలైటు” అని చీటీ అంటించిన విద్యార్థులను నేనెరుగుదును. కాని కొండపల్లి గుట్టలలో ప్రసిద్ధమైనవి గాబ్రో, అనార్థొసైటు వంటి అగ్నిశిలలు, వాటితోపాటు క్రోమైటు, చార్నొకైటు. చార్నొకైటు పేరుకూ ఒక కథ ఉన్నది. కలకత్తా స్థాపకుడని చెప్పుకొనే జాబ్ చార్నొక్ సమాధి మీది రాతిని పరిశీలించి, 1893లో థామస్ హాలండ్ పెట్టిన పేరది. రాయి మద్రాసు వైపుది, సమాధి కలకత్తాలోది! ఆ మాటను మాత్రం ఎవరూ తెలుగుగా విడదీయరు. విడదీయడానికి వీలు లేదు గనుక. ఖోండలైటుకు వచ్చిన చిక్కల్లా అది తెలుగు మాటలా వినిపించడమే.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. ఖోండు అనే మాటే “కొండ” నుండి వచ్చిందని పండితులు పలువురు భావిస్తున్నారు. అప్పుడు విద్యార్థి చెప్పినది ఒప్పే గదా అని. ఆ వ్యుత్పత్తి నిజమే అనుకొందాము. అయినా అది జాతి పేరుకు వ్యుత్పత్తి గాని, శిలకు నిర్వచనం కాదు. తాతగారి పేరు మనుమడికి పెట్టినంత మాత్రాన ఆ పేరు తాతగారికి ఎందుకు వచ్చినదో అదే కారణం మనుమడికీ వర్తించదు. ఇక “కొండశిల” అని అనువదించాలనేవారి ఉత్సాహం ఇంకా ప్రమాదకరం. వ్యక్తుల, జాతుల, ఊళ్ల పేర్లతో ఏర్పడిన పదాలను అనువదించరాదు. మహాప్రాణం తెలుగు నోటికి బరువు, నిజమే. కాని ఖనిజం, ఖండం అని వ్రాసేవారికి ఖోండలైటు వ్రాయడం కష్టమా? దీర్ఘమా, హ్రస్వమా అన్నదానిపై నాకు పట్టుదల లేదు. “ఖ” మాత్రం నిలవాలి.

ఈ రాతికి అంతకు ముందే మన ఊరి పేరొకటి ఉండేది. వాకర్ కంటె ముందు ఈ తీరమంతా సర్వే చేసిన విలియం కింగ్ దీనిని “బెజవాడ నైసు” అన్నాడు. ఆ పేరు నిలవలేదు. ఖోండుల పేరు కేరళ దాకా, సింహళం దాకా, చైనా దాకా వెళ్లింది. అక్కడి ఇట్టి శిలలనూ నేడు ఆ పేరుతోనే పిలుస్తున్నారు. బెజవాడవాసిగా కొంచెం చింతించవచ్చును.

పేరు సరిగా ఉంటేనే రాయి గుణం సరిగా తెలుస్తుంది. ఖోండలైటులో పొరలు ఉంటాయి. గాలికి, వానకు ఫెల్డ్‌స్పారు తెల్లని మన్నుగా మారుతుంది, గార్నెట్టు తుప్పు రంగు పూస్తుంది. ఎక్కువగా ఈ రాతితోనే కట్టిన 13వ శతాబ్దపు కోణార్క శిల్పాలు అరిగిపోవడం చూసినవారికి ఇది తెలుసు. అరకు, అనంతగిరి ప్రాంతపు బాక్సైటు కూడ ఈ శిల శిథిలమై ఏర్పడినదే. తాజా చార్నొకైటు దీనికంటె ఎంతో గట్టిది. విజయవాడలో ఇండ్లు కొండవాలులకు ఎగబ్రాకాయి. 2024 ఆగస్టు 31న భారీ వర్షాలలో మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి ప్రాణనష్టం జరిగింది. ఇంటి వెనుక ఉన్నది పొరలు విచ్చి మెత్తబడే రాయా, గట్టి రాయా అని అడగవలసిన చోట, “కొండలో ఉన్నది గనుక కొండలైటు” అనే జవాబు ఎందుకూ కొరగాదు.

ఉపాధ్యాయులు బెజవాడ నుండి ఒక రాతిముక్క, కొండపల్లి నుండి ఒక రాతిముక్క తెప్పించి, భూతద్దం చేతికిచ్చి గార్నెట్టు గింజలు, సిల్లిమనైటు సూదులు ఏ ముక్కలో ఉన్నవో పిల్లలనే వెతకమనవచ్చును. పేరు వ్రాయడం ఆ తరువాత.