గెలిచింది మనమేనా?

మామిడి సీజన్లో మా బంగారుపాళ్యం మండీ ముందు తోతాపురి ట్రాక్టర్లు ఒక పట్టాన కదలవు, అందరి నోళ్లూ ఆడుతుంటాయి. ఈ వారం టీ కొట్టు కాడ ఒకాయన, "మనోళ్లకి ఫుట్‌బాల్ యాడిదిన్నా? బెంగాలోళ్లు, కేరళోళ్లు ఆడాల" అనేశాడు. క్రికెట్ మీద నా గుర్రు ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలిసిందే. అక్కడే పాఠం మొదలుపెట్టాను.

తూర్పు బెంగాల్లోని సంతోష్ జమీందారు పేరు మీద పెట్టిన జాతీయ ఫుట్‌బాల్ కప్పు ఒకటుంది, సంతోష్ ట్రోఫీ. 1941లో కలకత్తాలో మొదలైంది, తొలిసారి బెంగాలే ఎత్తుకుపోయింది. 1956-57లో హైదరాబాద్ జట్టు ఫైనల్లో బొంబాయిని కొట్టింది, మరుసటేడు మళ్లీ బొంబాయినే కొట్టింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతోనే గెలిచాం.

ఆయన నోరు మూయించాననుకున్నాను గానీ, ఇంటికొచ్చాక ఆ 'గెలిచాం' కాస్త గుచ్చుకుంది. 1941లో మా ఊరి కుర్రాడెవడైనా ఆ పోటీ ఆడాలంటే మద్రాసు జట్టులో చోటు వెతుక్కోవాలి. 1953 దాకా మా చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే కదా. 1956 నవంబరులో రాష్ట్రాలు కలిశాక కూడా జట్టు పేరు హైదరాబాదే. ఆ కప్పుల వెనక ఉన్నది ఆ నగరం. అక్కడి సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు అనే ఇంకో పోటీ గెలిచింది. ఆటకి జీతం ఉండేది కాదు, ఆటగాడికి ఉద్యోగం ఉండేది. ఇందులో రాయలసీమ వాటా ఏముంది?

ఆ నగరంలోనే సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే బడిపంతులు ఉండేవాడు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. భారత జట్టుకు కోచ్‌గా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చిపెట్టాడు. నాకు మాత్రం ఆయన పెట్టిన తిక్క పోటీలే ఇష్టం. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, బంతి వచ్చిందా, పక్కోడికి ఇచ్చెయ్యాల్సిందే. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. ఐదడుగుల లోపు వాళ్లకి వేరే పోటీ!

కప్పులు హైదరాబాదువే, ఒప్పుకుంటాను. ఈ పోటీలు మా హైస్కూల్ గ్రౌండ్లో పెట్టుకోవడానికి మాత్రం ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. గోల్‌పోస్టులకి మండీలో నాలుగు ప్లాస్టిక్ క్రేట్లు అడిగితే సరిపోతుంది. పీఈటీ సారుకి చెప్పాను. "అందరూ ఎడం కాలితో ఆడితే గోలెప్పుడు పడేది సార్?" అన్నాడు.

పడకపోతే డ్రా అన్నాను. ఇంకా ఆలోచిస్తున్నాడు.