ఒకే దానియేలు, రెండు పాఠాలు

ఆస్పరి నుంచి పిల్లలు కర్నూలుకో అనంతపురానికో చదువుకు బయల్దేరితే సంఘంలో ప్రార్థన చేసి పంపుతారు. అందులో బైబిల్లోని దానియేలు పేరు రాకుండా ఉండదు. పరాయి దేశంలో మూడేళ్ల చదువు, రాజుగారి భోజనం వద్దనడం, పది రోజుల పరీక్ష, శాకధాన్యాలు, నీళ్లు. అయితే ఈ కథనే రెండు విద్యార్థి ఉద్యమాల చూపుతో చదివితే రెండు పాఠాలొస్తాయి. ఒకటి 1912 నుంచీ ఉన్న స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్, అంటే ఎస్‌సీఎం. రెండోది 1954లో మొదలైన యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా, అంటే యూఈఎస్ఐ. కాలేజీల్లో దాని గుంపును ఇవాంజెలికల్ యూనియన్, అంటే ఈయూ అంటారు.

ఈయూ పట్టంతా దానియేలుతో ఉన్న ముగ్గురు స్నేహితుల మీద. అందుకే ఈయూ కూడిక ఇలా ఉంటుంది: హాస్టల్ గదిలో మంచాల మీద ఐదారుగురు కూర్చుంటారు. ఒకరి చేతిలో బైబిలు, మిగతావాళ్లకు ఫోన్లో. సగం అధ్యాయం చదివి, ప్రశ్నలేసుకుని, ఒకరి కోసం ఒకరు ప్రార్థన చేసి లేస్తారు. నడిపేది పాస్టరు కాదు, పై క్లాసు కుర్రాడు. ఊళ్లో ఆదివారం చర్చికి రాకపోతే అమ్మ అడుగుతుంది. ఇక్కడ అడిగే దిక్కు ఈ గదే. అమ్మానాన్నలు సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు మిరప చేలకు పోయిన నెలల్లో మరీను. ఏ ప్రసంగమూ చేయలేని పని ఇది.

ఎస్‌సీఎం మొదటినుంచీ న్యాయం, కులం, అధికారం గురించి అడిగే సంప్రదాయం. ఆ చూపుకు భోజనం కంటే పేరు ముందు కనబడుతుంది. దానియేలును బెల్తెషాజరుగా మార్చిందెవరు, ఎందుకు? మన పిల్లలకు ఇది పాతకాలపు ప్రశ్న కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల్లోంచి క్రైస్తవులైనవాళ్లు బీసీ-సీ కింద ఒక్క శాతం వాటాలోకి వస్తారు. అందుకే కొందరికి సర్టిఫికెట్‌లో హిందూ ఎస్సీ అని ఒక మాట, ఆదివారం చర్చిలో ఒక మాట. "చర్చికి పోతావంట గదా, ఎస్సీ సీటెట్లొచ్చె?" అని పక్క బెంచీవాడు అడిగిన రోజు కుర్రాడి నోరు పడిపోతుంది. విశ్వాసాన్ని కదిలించేది డార్విన్ అని పెద్దలు భయపడతారు గానీ, నా లెక్కలో ఈ ప్రశ్నే ఎక్కువమందిని ప్రార్థన గదికి దూరం చేస్తుంది.

ఎస్‌సీఎం ప్రశ్న గొప్పదే. కానీ రాత్రి పదింటికి తలుపు తట్టి "తిన్నావా" అనే మనిషి కావాలి, సదస్సు ఆ పని చేయదు. అందుకే మొదటి సెమిస్టరుకు నా ఓటు ఈయూకే. దాని లోపం, భోజనం దగ్గరే పాఠం ఆపేయడం. దానియేలు కల్దీయుల చదువు చదివాడు, పెట్టిన పేరుతో కొలువు చేశాడు, భోజనం మాత్రం వద్దన్నాడు. గీత ఎక్కడ గీయాలో తానే తేల్చుకున్నాడు. ఆ తేల్చుకోవడం నేర్పకుండా భక్తి ఒక్కటే నేర్పితే పిల్లవాడు దాక్కోవడమే నేర్చుకుంటాడు.

ఆస్పరి, ఆదోని, ఎమ్మిగనూరు సంఘాల పెద్దలకు ఒక మనవి. ఈసారి అడ్మిషన్లకు ముందు పిల్లలను కూర్చోబెట్టుకుని, ఆ సర్టిఫికెట్ సంగతి దాచకుండా మాట్లాడండి. వాళ్లు చేరబోయే ఊళ్లో చదువుతున్న మన పిల్లవాడి ఫోన్ నంబరు కూడా చేతిలో పెట్టి పంపండి.