హిమపాతము: పేరు ఒకటి, సంగతులు మూడు

చింతలపూడి ప్రాంతపు విద్యార్థికి మంచు అనగా ధనుర్మాసపు ఉదయమున మామిడితోటలపై కమ్ముకొని, ప్రొద్దెక్కగానే విడిపోవునది. అతడు పత్రికలో “హిమపాతము” అని చదివినపుడు ఏమి ఊహించుకొనవలెను? ఆకాశమునుండి మంచు కురియుటకును, కొండవాలున పేరుకొన్న మంచు జారిపడుటకును, హిమానీనదమున మంచుగడ్డ విరిగిపడుటకును ఈ ఒక్క మాటనే వాడుచున్నారు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో పదిమంది సైనికులను పొట్టనబెట్టుకొన్నది గోడవంటి మంచుగడ్డ. మృతులలో కర్నూలు జిల్లాకు చెందిన ముస్తాక్ అహ్మద్ ఒకరు. ఆ వార్తను హిమపాతమను పేరుతో చదివినవారికి ఈ భేదము అందదు. కొండచరియ అను మాట మనకు ఉన్నదే. వాలున జారుదానిని మంచుచరియ అనిన చాలును.

పేరుకంటె వివరణలోని లోపము పెద్దది. మంచు మిక్కుటముగా కురిసి, బరువెక్కి, ఒక కేకకు జారునని తరచు చెప్పుదురు. కేకకు అంత బలము లేదు. మంచు తక్కువైనచో అపాయమును తక్కువే అను భావము మరింత చెడ్డది. లడఖ్ శీతల ఎడారి. లేహ్‌లో ఏడాదికి వాన, మంచు కలిపి సుమారు 100 మిల్లీమీటర్ల నీరే. అట్టి చోట పలుచని మంచుదుప్పటి పైభాగము సున్నకు 20 డిగ్రీలు దిగువన, నేలనంటిన భాగము సున్నకు దగ్గరగా ఉన్నదనుకొందము. లోతు అర మీటరే అయినచో ప్రతి 10 సెంటీమీటర్లకు 4 డిగ్రీల భేదము! 1 డిగ్రీ దాటిననే చాలును; ఆవిరి క్రిందినుండి పైకి పోవుచు మంచురేణువులను పంచదార పలుకులవలె మార్చును. అవి ఒకదానినొకటి అంటుకొనవు. గాలి తెచ్చిపోసిన మంచు వానిపై పలకగా గట్టిపడును. 30 మొదలు 45 డిగ్రీల వాలున ఒక మనిషి కాలు మోపినను ఆ పలక క్రింద పగులు పరుగెత్తవచ్చును.

కనుక పరిశీలకులు లోతు కొలిచి ఊరకుండరు. గొయ్యి త్రవ్వి, ప్రతి పొరను పిడికిలితో, వ్రేలితో, పెన్సిలుతో, కత్తితో నొక్కి చూతురు. విడదీసిన మంచుస్తంభముపై పార నుంచి మణికట్టునుండి పది, మోచేతినుండి పది, భుజమునుండి పది దెబ్బలు వేసి, ఎన్నవ దెబ్బకు ఏ పొర తెగినదో వ్రాసికొందురు. అయినను ఒక్క గొయ్యి కొండ అంతటికి సాక్ష్యము కాదు.

తరగతిలో చెక్కపై పంచదార పరచి, దానిపై పలక నుంచి, చెక్కను మెల్లగా ఎత్తుచు జారిన కోణమును కోణమానినితో కొలువవచ్చును. జారుట కనబడును, పగులు వ్యాపించుట కనబడదు. దానిని ఉపాధ్యాయుడు నల్లబల్లపై గీసి చూపవలసినదే.